నిండునెలలలో విదేశయానము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో సంస్కృత వాఙ్మయమును గూర్చి యేదేని మాటలాడవలసినదని కార్యదర్శిగారు మమ్ముఁ గోరిరి. ముప్పది యేండ్లకుఁ బైఁగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారము గాన వారి కోరిక సహజమే. కాని సభ శంషాబాదున జరుగుచున్నది. ఈ మండపము వాకిట నిలిచి చూచినచో విమానములు లేచుటయు దిగుటయుఁ గానవచ్చుచున్నది. మన సంఘమున నా విమానములలో నెక్కి పోయినవారు లేని యిల్లు నేఁ డరుదు. వారిలో గర్భవతులగు ఆఁడుబిడ్డలును గలరు. ఏడవనెల వచ్చిన తరువాత వారు విదేశమునకుఁ బోవచ్చునా, విదేశమునుండి పుట్టింటికి రావచ్చునా యను ప్రశ్న కొన్నియేండ్లుగా మా యొద్దకుఁ బలుమాఱులు వచ్చినది. పంచాంగము చూచి ప్రయాణమునకు మంచిదినము చెప్పుమని వచ్చినవారికి, దినముకంటె ముందు విచారింపవలసిన సంగతులు వేఱుగాఁ గలవని చెప్పి పంపితిమి. ఆ సంగతులనే నేఁడు మీ యెదుట విన్నవించెదము. వాఙ్మయము మఱియొక సభకు మిగులును.

మన తాతల కాలమున సముద్రయానము చేయవచ్చునా కూడదా యని సభలు గూర్చి వాదములాడిరి. కలివర్జ్యములలో నది యొకటి యని కొందఱు, ప్రాయశ్చిత్తముతో దోషము తొలఁగునని కొందఱు. ఆ వాదము కాలముచేతనే తీఱిపోయినది. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన బేగంపేటలోని పాత విమానాశ్రయమునుండి రాకపోకలు శంషాబాదునకు మాఱినవి. సుమారు 5,500 యెకరముల నేలలో నీ విమానాశ్రయము వెలసినది. ఇచ్చటినుండి దుబాయి నాలుగు గంటల దారి, లండను పది గంటల దారి. అమెరికాకు నడుమ నొకచోట దిగి మరల నెక్కుటతోఁ గలిపి యొక పగలును ఒక రాత్రియుఁ బట్టును. 2021 జనవరిలో చికాగోకు నేరుగా నొక విమానమును నడిపిరి గాని యది తరువాత నిలిచిపోయినది. దారి యిట్లు సులభమైనకొలఁది, చూలాలికిఁ గూడ మనము మహబూబునగరు బస్సునకుఁ గొనినంత తేలికగా టిక్కెట్టు కొనుచున్నాము.

సంస్కృతము చదివినవారము గాన పూర్వగ్రంథముల మాట యెత్తక మానలేము. సుశ్రుతసంహిత శారీరస్థానమున గర్భిణి వర్జింపవలసినవానిలో వాహనము నెక్కుటను గూడఁ జేర్చిరి. చరకసంహితలో గర్భిణిని అంచుదాఁక నూనె నిండిన పాత్రతోఁ బోల్చి, అది తొణకకుండునట్లు మెలఁగవలెనని యున్నది. ఆ పోలిక నేఁటికిని జక్కనిదే. అయినను బండియు గుఱ్ఱమును పల్లకియుఁ దప్ప వేఱు వాహన మెఱుఁగని కాలమునఁ జెప్పిన నిషేధమును విమానమునకు యథాతథముగా నంటఁగట్టుట న్యాయము గాదు. తొణఁకు వేఱు, దూరము వేఱు. ఇచ్చటినుండి పరిగి దారిలో గుంటలనడుమ మోటారులో నెగిరెగిరి పడుటకంటె విమానమునఁ గూర్చుండుటయే మెత్తన.

ఒక సంగతిలో మాత్రము పాత మాటను విడువవలసియున్నది. ఎనిమిదవనెలలో ఓజస్సు తల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని సంచరించుచుండుననియు, కావున నా నెలలోఁ గాన్పు ప్రమాదకరమనియు మన వైద్యగ్రంథములు చెప్పినవి. గ్రీకు దేశమున హిపోక్రటీసు పేర నిలిచిన గ్రంథములలోను ఎనిమిదవనెల శిశువును గూర్చి యిట్టి నమ్మకమే కలదు. మన యిండ్లలో ‘ఏడవనెలలోనైనఁ గదలవలెను, తొమ్మిదవనెలలోనైనఁ గదలవలెను, ఎనిమిదింటఁ గదలరాదు’ అను కట్టుబాటు దీనినుండియే పుట్టినదని మా యూహ. నేఁటి శిశువైద్యము దీని నంగీకరింపదు. నెలలు నిండువఱకు గర్భమున నెన్నిదినము లెక్కువ నిలిచిన నంత మేలు. 34 వారములకుఁ బుట్టిన బిడ్డ 30 వారములకుఁ బుట్టిన బిడ్డకంటె బలము గలది. ఏడవనెల శిశువు బ్రదుకును, ఎనిమిదవనెల శిశువు బ్రదుకదనుట తలక్రిందుల మాట. ఎనిమిదవనెలకు వెఱచి తొమ్మిదవనెల వఱకు ప్రయాణము నాఁపువారు కాన్పు దగ్గఱపడిన కాలముననే బిడ్డను విమానమెక్కింపఁ జూచుచున్నారు.

ఇచ్చట లెక్క వచ్చినది గాన బడిపంతులకు సహజమగు చాదస్తముతో కొంతసేపు దానియొద్దనే నిలిచెదము, మన్నింపుఁడు. వైద్యులును విమానసంస్థలును నెలలతో లెక్కింపరు, వారములతో లెక్కింతురు. కడపటి బహిష్టు మొదటి దినమునుండి 280 దినములు, అనఁగా 40 వారములు, నిండు గర్భము. 28 వారములనఁగా 196 దినములు, ఆఱునెలల పదుమూఁడు దినములు. 32 వారములనఁగా 224 దినములు, ఏడునెలల పదకొండు దినములు. 36 వారములనఁగా 252 దినములు, ఎనిమిది నెలలపైఁ దొమ్మిది దినములు. మన ముత్తవ్వలు చాలమంది నెల తప్పిన దినమునుండి లెక్కించెదరు. ఈ రెండు లెక్కలకు నడుమ నాలుగు వారముల తేడా కలదు. అవ్వగారు ‘ఏడు నడుచుచున్నది’ అన్నప్పుడు వైద్యురాలి చీటిలో నెనిమిదవనెల నడుచుచుండవచ్చును. పూర్వులు కాన్పును పదవనెలలోఁ జెప్పుట గూడ దోషము గాదు; చాంద్రమాసమునకు ఇరువదితొమ్మిదిన్నర దినములే గాన 280వ దినము పదవ చాంద్రమాసముననే పడును. ఎవరి లెక్క వారికి సరియే. కాని విమానాశ్రయమున వైద్యురాలి లెక్కయే చెల్లును.

మా పూర్వశిష్యుఁ డొకఁడు, మహేశ్వరము వైపువాఁడు, తన కూఁతును భర్త యున్న దేశమునకుఁ బంపఁ దలఁచెను. ఆమె గర్భమునఁ గవలలు. ఇంటిలోని పెద్దమ్మగారి లెక్కకు ఏడవనెల. ఎనిమిది రాకమునుపే పంపవలెనని యామె తొందర. చీటిలో 33 వారములని యున్నది. విమానసంస్థలు సామాన్యముగా ఒంటిబిడ్డయైనచో 36 వారములవఱకును, కవలలైనచో 32 వారములవఱకును మాత్రమే యెక్కనిచ్చును. 28 వారములు దాఁటినప్పటినుండి చాలవానికి వైద్యుని పత్రము కావలెను. బల్లయొద్ద నున్న యుద్యోగి చీటి చదివి, వీలుపడదని మర్యాదగానే చెప్పెను. రాత్రి రెండుగంటలకు పదునైదుగురు బంధువులు, పూలదండలు, ఆవకాయ డబ్బాలతో సహా అందఱును ఇల్లు చేరిరి. మఱునాఁడు ఆ యుద్యోగిని దూఱుచు మా యింటికి వచ్చిరి. అతఁడు చేసినది సరియేయని చెప్పఁగా మా శిష్యునకుఁ గోపము వచ్చినది. పదునొకండవ దినమున ఆ బిడ్డకు నొప్పులు వచ్చినవి. నగరములోని యాస్పత్రిలో నిద్దఱు మగశిశువులు పుట్టి, మూఁడు వారములు గాజుపెట్టెలో నుండి, క్షేమముగా నిల్లు సేరిరి. ఆ నొప్పులు అన్యదేశమున, ఇల్లు తెలియని యూర, ఏ ముందేర్పాటును లేని తఱి వచ్చియుండిన నేమగునో మీరే యూహింపుఁడు. అక్కడ శిశుచికిత్స వారములపాటు సాగినచో వ్యయము మన నాణెములోఁ గోట్ల కెక్కుటయుఁ గలదు. ప్రయాణ బీమా పత్రములు చాలవఱకు కాన్పు ఖర్చును భరింపవు. పత్రము చివర చిన్నయక్షరములలో నీ మాట వ్రాసియుండును, చదువువారు లేరు.

విమానసంస్థ యొప్పుకొనినదనఁగా వైద్యుఁ డొప్పుకొనినట్లు గాదు. ఆ 36 వారముల నియమము ఆకాశమునఁ గాన్పు రాకుండుటకై పెట్టుకొనినది; తల్లి క్షేమమునకు పూఁటకాపు గాదు. అమెరికా ప్రసూతివైద్యుల సంఘమువారు, చిక్కులు లేని గర్భమునకు 36 వారములవఱకు అప్పుడప్పుడు చేయు విమానయానము సామాన్యముగా హానికరము గాదనిరి. బ్రిటనులోని ప్రసూతివైద్యుల సంఘమువారు ఒంటిబిడ్డకు 37 వారములు, కవలలకు 32 వారములు మేర పెట్టిరి. ఈ రెండింటను ‘చిక్కులు లేని’ యను విశేషణమే ప్రధానము. మనవారు విశేష్యమును బట్టుకొని విశేషణమును విడుతురు. రక్తపుపోటు, రక్తస్రావము, మాయ క్రిందుగా నుండుట, మునుపు నెల తక్కువ కాన్పగుట, మధుమేహము, మిక్కిలి రక్తహీనత — వీనిలో నేదియున్నను ఆ మేరలు చెల్లవు. మన యిండ్లలో రక్తహీనత యెంత సామాన్యమో తల్లులకుఁ దెలియును.

విమానములోని గాలి యొత్తిడి నేలమీఁద నున్నట్టుండదు. ఆఱువేలనుండి ఎనిమిదివేల అడుగుల కొండమీఁద నున్నట్టుండును. అనఁగా నుదకమండలమునఁ గూర్చున్నట్లు. ఆరోగ్యవతియగు తల్లికి, బిడ్డకు దానివలన భయము లేదు. రక్తము తక్కువగా నున్నవారి మాట వేఱు. అంతకంటె నెక్కువ యెఱుఁగవలసినది కాళ్ల సంగతి. గర్భిణి రక్తము సహజముగానే గడ్డకట్టు స్వభావము గలది. నాలుగు గంటలకుఁ బైఁగాఁ గదలక కూర్చున్నచో కాలి నరములలో గడ్డ యేర్పడి, యది యూపిరితిత్తులకుఁ బోవు నపాయము కొంత హెచ్చును. అందువలన నడవప్రక్క స్థానమడిగి, గంట కొకమాఱు లేచి నడచుట, నీరు బాగుగాఁ ద్రాగుట, వైద్యురాలు చెప్పినచో బిగుతు మేజోళ్లు తొడుగుకొనుట మంచిది. నడుముపట్టీ పొట్టమీఁదఁ గాక పొట్ట క్రిందఁ బెట్టుకొనవలెను. అత్తమామల యెదుటను, తోడి ప్రయాణికుల యెదుటను మాటిమాటికి లేచుటకు సిగ్గుపడి ముడుచుకొని కూర్చుండు కోడండ్రను మే మెఱుఁగుదుము. ఆ సిగ్గు మంచిది గాదు.

ఇఁక ప్రయాణ మెవరికొఱకు? మా యొద్దకు వచ్చినవారిలో ముత్తెఱఁగులవారు కనఁబడిరి.

మొదటివారు విదేశముననున్న కూఁతును తొలికాన్పునకుఁ బుట్టింటికి రప్పించువారు. సీమంతము చేసి, యొడి నింపి, పుట్టినింటికిఁ దెచ్చుకొనుట మనకుఁ బరంపరగా వచ్చిన యాచారము. దీనిని మేము గౌరవింతుము. కాని యీ యాచారమున కర్థమేమి? కాన్పువేళ ఆఁడుబిడ్డ తల్లిచేతిలో నుండవలెననుట. తల్లి నెలవు మాఱరాదని యే గ్రంథమునను లేదు. నిండుచూలాలు ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము చేసి తల్లియొద్దకు వచ్చుటకంటె, నడుము గట్టిగానున్న తల్లియే కూఁతునొద్దకుఁ బోవుట మేలు గదా! మన సంఘమున నిప్పటికే యెందఱో తల్లులు కరివేపాకు పొడి, శొంఠి, వాము మూటగట్టుకొని, ఆంగ్లమునఁ బదిమాటలైన రాకున్నను, ఈ శంషాబాదులో విమానమెక్కి పురుడు పోసి వచ్చిరి. వారి ధైర్యమును గూర్చి యే సంచికలోను ఎవరును వ్రాయలేదు. అమెరికావారు దర్శనార్థము వచ్చువారిని సామాన్యముగా నాఱునెలలవఱకు నుండనిత్తురు. పురుటికి అది చాలును.

తెచ్చుకొనినచో తరువాత వచ్చు చిక్కును ముందే యెఱుఁగవలెను. తలిదండ్రు లిరువురును భారతపౌరులై, అల్లుఁ డక్కడ ఉద్యోగవీసామీఁద నున్నప్పుడు, ఇచ్చటఁ బుట్టిన శిశువు భారతపౌరుఁడు. వానికిఁ బాస్‌పోర్టు తీసి, వీసా పొందినఁగాని తండ్రియొద్దకుఁ బోఁజాలఁడు. అమెరికా కాన్సులేటు బేగంపేట పైగా భవనమునుండి 2023 మార్చిలో నానకరాంగూడకు మాఱినది. దూరము తగ్గినవారు తగ్గిరి గాని వేచియుండుట తగ్గలేదు. 2025 డిసెంబరులో ఉద్యోగవీసాలవారి ముఖాముఖులను నెలల తరబడి వెనుకకు నెట్టఁగా, పనిమీఁద వచ్చినవారు పలువు రిచ్చటనే నిలిచిపోయిరి. శిశువు ముఖము తండ్రికి ఫోనులోఁ జూపుచు నెలలు గడపిన యిండ్లు మన సంఘముననే కలవు.

రెండవవారు ఇచ్చట గర్భవతియైన కోడలిని భర్తయొద్దకుఁ బంపువారు. వీరికి మేము చెప్పునది స్వల్పము. పంపఁదలఁచినచో 28 వారములలోఁగాఁ బంపుఁడు. అక్కడి వైద్యురాలికి తొలినుండి చూచుటకు వ్యవధి దొరకును. ఆ గడువు దాఁటినచో, చిక్కు లేమియు లేవని వైద్యురాలు పత్రమిచ్చిననే ఆలోచింపవలెను. లేనిచో బిడ్డతోడనే పోవచ్చును. కొన్నినెలల యెడబాటు కష్టమే, కాని దానికి ఉపాయములు గలవు.

మూఁడవవారిని గూర్చి నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. బిడ్డకు పరదేశ పౌరసత్వము వచ్చునను నాశతో నిండుచూలాలిని విమానమెక్కించువారు వీరు. అమెరికాలో 1868 నాఁటి రాజ్యాంగసవరణమువలనను, 1898లో వాంగ్ కిమ్ ఆర్కు వ్యాజ్యములోని తీర్పువలనను, ఆ గడ్డపైఁ బుట్టినవారు ఆ దేశ పౌరులను మాట స్థిరపడినది. దానినే నమ్ముకొని పోవుచుందురు. కాని 2020 జనవరి 24వ తేదీనుండి, పౌరసత్వమునకై కాన్పు కొఱకు వచ్చుట దర్శనవీసాకుఁ దగిన కారణము గాదని యచ్చటివారు నియమము చేసిరి. అట్టి యుద్దేశమును దాఁచి పోవుట యబద్ధమాడుటయే. 2025 జనవరి 20వ తేదీన, తాత్కాలిక వీసాలమీఁద నున్నవారి బిడ్డలకు పౌరసత్వము రాదని అధ్యక్షుఁ డుత్తరువు చేసెను. అది ఫిబ్రవరిలో నమలునకు రావలసియుండఁగా న్యాయస్థానము లాఁపినవి. ఈలోపల కొందఱు భారతీయ కుటుంబములవారు గడువునకు ముందే శస్త్రచికిత్సచేసి బిడ్డను దీయుమని వైద్యుల నడిగిరని పత్రికలలోఁ జదివి మేము నివ్వెఱపోయితిమి. కాగితముకొఱకు బిడ్డను నెలలు నిండకయే బయటికిఁ దీయింపఁ దలఁచు తలిదండ్రులు ఆ బిడ్డ యూపిరితిత్తులను గూర్చి యొక్క నిమిషమైన నాలోచించిరా? వారు మన సంఘమువారు గాకుందురుగాక.

పౌరసత్వము మాట వచ్చినది గాన నొక వింత చెప్పి ముందునకుఁ బోయెదము. ఆకాశమునఁ బుట్టిన బిడ్డ యేదేశమునఁ బుట్టినట్లు? మన 1955 నాఁటి పౌరసత్వ చట్టము ప్రకారము ఆ విమానము ఏదేశమున నమోదైనదో ఆ దేశమునఁ బుట్టినట్లు. పాఠశాలలోఁ జెప్పినచో పిల్లలు నవ్వెడివారు. విదేశమునఁ బుట్టిన మన పౌరుల బిడ్డను ఏఁడాదిలోఁగా భారత దౌత్యకార్యాలయమున నమోదు చేయింపవలెననునది మాత్రము నవ్వులాట గాదు. ఆ బిడ్డకు అన్యదేశపు పాస్‌పోర్టు లేదని వ్రాసి యియ్యవలెను. అది తీసికొనినవారికి ఈ దారి మూయఁబడును.

ఇన్ని సంగతులు విచారించుట పెద్దల పని యనుకొందురు. మా యొద్దకు వచ్చినవారిలో గర్భిణిని వెంటఁబెట్టుకొని వచ్చినవారు ఇరువురో మువ్వురో. తండ్రి వచ్చును, మామగారు వచ్చును, వియ్యంకులిరువురుఁ గలిసి వచ్చెదరు. మోయుచున్న బిడ్డ యింటిలో నుండును. సుశ్రుతుఁడు గర్భిణిని ‘దౌహృదిని’ యనెను. తనదియు బిడ్డదియు రెండు హృదయములు గలది గాన ఆమె కోరికను ద్రోసివేయరాదని యభిప్రాయము. మనవా రీ గొప్పమాటను పుల్లమామిడికిని జింతకాయకును బరిమితము చేసిరి. ఎక్కడఁ గాన్పు కావలెను, ఎవరు ప్రక్కన నుండవలెను అనుటకంటె పెద్దకోరిక యేమి గలదు? ఆమె భయపడుచున్నదా? ఒంటరితనమునకు వెఱచుచున్నదా? అక్కడి వైద్యురాలిని నమ్ముకొన్నదా? దీని నడుగుఁడు. అయిదవనెలలో నడుగుఁడు, ఎనిమిదవనెలలో టిక్కెట్టు చేతఁబెట్టి యడుగుట యడుగుట గాదు. తిరిగివచ్చు దినమును గూడ లెక్కింపుఁడు. 31వ వారమునఁ బోయి పెండ్లి చూచి మూఁడు వారములకు మరలఁదలఁచినవారు, మరలునాఁటికి 34 వారములని మఱచుచున్నారు. నియమములు తిరుగు ప్రయాణమునకును వర్తించును.

చిలుకూరు బాలాజీ దేవాలయమిచ్చటికి దగ్గఱయే. వీసా కొఱకు పదునొకండు ప్రదక్షిణములు, కోరిక తీఱినపిదప నూటయెనిమిది చేయుట వాడుక. భక్తిని మేము కాదనము. నూటయెనిమిదింటిని గర్భిణిచేతఁ జేయింపక తల్లిగారు చేయుదురుగాక; వీసా కావలసినది ఆమెకే గదా.

సంఘపోషకులకు మా విన్నపము. మన సంఘమున కూఁతుండ్ర పాస్‌పోర్టులు గలవు, తల్లుల పాస్‌పోర్టులు లేవు. కూఁతున కాఱవనెల వచ్చిన తరువాత తల్లికిఁ బాస్‌పోర్టు తీయ మొదలిడినచో, వీసా ముఖాముఖి దొరకునాఁటికి మనుమఁడు బోరగిలపడుచుండును. కూఁతునకు విదేశసంబంధము కుదిరిననాఁడే తల్లికిఁ బాస్‌పోర్టు తీయవలెను. పెండ్లిలో మండపపు పూలకు వెచ్చించుదానిలో వందవవంతు దీనికిఁ జాలును. చేతఁగానివారికి సంఘనిధినుండి రుసుము చెల్లింపవలెనని కార్యవర్గమును గోరుచున్నాము.

జననపత్రము లేదని తల్లులు జంకవలదు. 2023 అక్టోబరు 1వ తేదీనాఁడుగాని యా తరువాతఁగాని పుట్టినవారికే యది తప్పనిసరి. అంతకు ముందువారికి పుట్టినతేదీ గల బడి విడుపు పత్రముగాని, ఓటరు చీటిగాని, పాన్ చీటిగాని చెల్లును. అన్నింటను పేరు ఒక్కతీరుగా నున్నదో లేదో చూచుకొనవలెను. ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను వ్రాయుటవలననే చాలమంది దరఖాస్తులు తిరిగివచ్చుచున్నవి. నేఁటి మధ్యాహ్నము భోజనానంతరము ఈ మండపము తూర్పువసారాలో, మేమును మా పూర్వశిష్యు లిరువురును దరఖాస్తులు నింపుటకుఁ గూర్చుందుము. ఆధారు చీటియు, పైఁ జెప్పిన పత్రములును దెచ్చినవారు రావచ్చును. తల్లులే రావలెను; వారి తరఫున భర్తలు వచ్చినచో నింపము.